నాలుగు రంగులు, పన్నెండు ముఖాలు: 9వ తరగతిలో ఒక లెక్క తప్పిన కథ

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. పోయిన ఏడాది సైన్స్ ఫెయిర్ కోసం 9వ తరగతి పిల్లలతో క్రమ బహుముఖుల మీద ఒక పని మొదలుపెట్టాను. రెండు పీరియడ్లలో తేలిపోతుందనుకున్నది ఆరు పీరియడ్లు పట్టింది. మధ్యలో నేను బోర్డు మీద రాసి గీత గీసిన ఒక జవాబు తప్పని తేలింది. తేల్చింది పిల్లలే. ఆ పని ఎలా సాగిందో, నా లెక్క ఎక్కడ జారిందో వరసగా రాస్తున్నాను. ఇదే పని మీ బడిలో చేయించాలనుకుంటే కొలతలు కూడా ఇందులోనే ఉన్నాయి.

ముందు ఐదు ఘనరూపాల సంగతి. అన్ని ముఖాలూ ఒకే రకం క్రమ బహుభుజులై, ప్రతి శీర్షం (మూల) దగ్గరా అన్నే ముఖాలు కలిసే కుంభాకార (ఎక్కడా లోపలికి నొక్కుకుపోని) రూపాలు ఐదే ఐదు: చతుర్ముఖి, ఘనం, అష్టముఖి, ద్వాదశముఖి, వింశతిముఖి. ఒక శీర్షం దగ్గర చేరే కోణాల మొత్తం 360 డిగ్రీల కంటే తక్కువ ఉండాలి కాబట్టి ఐదు దాటవు. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' గ్రంథంలో 13వ పుస్తకాన్ని వీటి నిర్మాణానికే కేటాయించాడు. ఇదంతా ఒక్క పీరియడ్లో అయిపోయింది. షడ్భుజులు మూడు కలిపితే సరిగ్గా 360 వచ్చి బల్ల మీద పడుకుండిపోతాయని పిల్లలే కత్తిరించి చూశారు. అక్కడితో వాళ్ళకు నమ్మకం కుదిరింది.

నాకు కావలసింది ఆ తర్వాతది, సౌష్ఠవం. పాఠ్యపుస్తకంలో సౌష్ఠవం అంటే సీతాకోకచిలుక బొమ్మ మధ్యలో ఒక గీత. త్రిపరిమాణ వస్తువును చేతిలో తిప్పుతుంటే సౌష్ఠవం ఎలా ఉంటుందో చూపించే పాఠం లేదు. తిప్పడం లెక్కించాలంటే వస్తువు మీద గుర్తులుండాలి. గుర్తుల కంటే రంగులు నయం అనుకున్నాను.

మొదట చిన్నదానితో మొదలుపెట్టాం. చతుర్ముఖికి నాలుగు ముఖాలు, నాలుగు రంగులు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ముఖానికో రంగు. ఎన్ని రకాలుగా వేయొచ్చు? కాగితం మీద 24. కానీ చేతిలోకి తీసుకుని తిప్పితే చాలావరకు ఒకటే అయిపోతాయి. ఏ ముఖాన్ని బల్లకు ఆనిస్తామన్నది 4 రకాలు, ఆనించాక తిప్పడం 3 రకాలు, మొత్తం 12 భ్రమణాలు. 24ని 12తో భాగిస్తే 2. ఎరుపును కింద పెట్టి పైనుంచి చూస్తే పసుపు, ఆకుపచ్చ, నీలం సవ్యదిశలో వస్తాయి, లేదా అపసవ్యంగా వస్తాయి. మూడో రకం లేదు. ఆ రెండూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. ఒకదాంట్లో ఏ రెండు రంగులను అటూ ఇటూ మార్చినా రెండోది వస్తుంది. ఈ చివరి రెండు వాక్యాలూ గుర్తుంచుకోండి, నేను పప్పులో కాలేసింది ఇక్కడే.

ఘనానికి ఆరు రంగులైతే 720ని దాని 24 భ్రమణాలతో భాగించి 30. దీన్ని చెప్పి వదిలేశాను. లూడో పాచికలు మాత్రం తెప్పించాను. ఎదురెదురు ముఖాల మొత్తం 7 ఉండాలన్న నియమం పెట్టుకున్నా పాచిక రెండు రకాలుగా తయారుచేయొచ్చు. 1, 2, 3 కలిసే మూల దగ్గర చూస్తే అవి సవ్యంగానైనా ఉండొచ్చు, అపసవ్యంగానైనా ఉండొచ్చు. ఇంటికెళ్ళి తమ పాచికలు చూసుకుని రమ్మన్నాను. మర్నాడు క్లాసులో అరగంట పాచికల గోలే.

అసలు పని: ద్వాదశముఖి

పన్నెండు పంచభుజులు, ముప్ఫై అంచులు, ఇరవై శీర్షాలు. ముఖానికో నెల పెట్టి క్యాలెండర్ చేద్దామని ఒకడన్నాడు. మంచి ఆలోచనే. కానీ పన్నెండు నెలలను పన్నెండు ముఖాల మీద వేరువేరుగా అమర్చే రకాలు, తిప్పితే ఒకటయ్యేవి తీసేసినా, 79,83,360. పిల్లలు అన్ని చేసి పోల్చలేరు. అందుకే ప్రశ్నను బిగించాను. నాలుగే రంగులు వాడాలి, అంచు పంచుకునే రెండు ముఖాలకు ఒకే రంగు ఉండకూడదు.

మూడు రంగులు చాలవా అని అడిగారు. చాలవు. ఒక ముఖానికి ఎరుపు వేశామనుకోండి. దాని చుట్టూ ఐదు ముఖాలు ఉంగరంలా ఉంటాయి. మిగిలిన రెండు రంగులనే మార్చి మార్చి వేసుకుంటూ పోతే ఐదోది మొదటిదాని పక్కనే పడి అదే రంగవుతుంది. ఐదు బేసి సంఖ్య కాబట్టి ఈ ఇబ్బంది తప్పదు. నాలుగు రంగులు చాలతాయని మాత్రం ముందే తెలుసు. ఏ పటాన్నైనా పక్కపక్క భాగాలకు ఒకే రంగు రాకుండా నాలుగు రంగులతో నింపవచ్చని 1976లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో అపెల్, హాకెన్ అనే ఇద్దరు కంప్యూటర్ సాయంతో నిరూపించారు. మా పన్నెండు ముఖాలకు కంప్యూటర్ అక్కర్లేదు, చార్టు పేపర్ చాలు.

కొలతలు. రంగుకు రెండు చార్టులు, మొత్తం ఎనిమిది. మొదటిరోజు ఎవరి పంచభుజి వాళ్ళనే కోణమానినితో 108 డిగ్రీలు పెట్టి గీయమన్నాను. అది నా పొరపాటు. కోణంలో ఒక డిగ్రీ, భుజంలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే ఒక్కో ముఖంలో కనపడదు. పదకొండు ముఖాలు అతికించాక పన్నెండోదానికి మిగిలిన కంత మాత్రం పంచభుజిలా ఉండదు. మూడు మోడళ్ళు అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయాయి. రెండోరోజు నేనే 4.25 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, కేంద్రం దగ్గర 72 డిగ్రీల చొప్పున ఐదు భాగాలు చేసి, దళసరి అట్టతో ఒక పంచభుజి నమూనా కోశాను. అలా గీస్తే భుజం 5 సెంటీమీటర్లకు దాదాపు సరిపోతుంది. అందరూ ఆ అట్ట చుట్టూ పెన్సిల్ తిప్పి గీశారు. తప్పున్నా అందరికీ ఒకే తప్పు ఉంటుంది కాబట్టి మోడల్ మూసుకుంటుంది. ముఖాల మధ్య మడత ఎంత అని ఎవరూ కొలవక్కర్లేదు. మూడు పంచభుజులు ఒక శీర్షం దగ్గర అతుక్కుంటే 116 డిగ్రీల 34 నిమిషాల కోణం దానంతట అదే వస్తుంది.

అతికించడానికి ఫెవికాల్ కంటే సెల్లో టేపు మేలు. రంగు మార్చాలంటే బ్లేడుతో కోసి ఒక ముఖం తీసి ఇంకోటి పెట్టొచ్చు. ఒక ముఖం చుట్టూ ఐదు అతికిస్తే గిన్నె అవుతుంది. అలాంటివి రెండు చేసి ఒకదానిపై ఒకటి బోర్లిస్తే సరి. రెండు గిన్నెల పళ్ళూ ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. 26 మందిలో 23 మందివి పూర్తయ్యాయి. రెండింటిలో ఒకే రంగు ముఖాలు పక్కపక్కన పడ్డాయి, సరిచేశాం.

రంగులు ఎలా వేయాలో ఎవరికీ చెప్పలేదు. ఎవరి తిప్పలు వాళ్ళు పడ్డారు. అయినా 23 మోడళ్ళలోనూ ప్రతి రంగూ సరిగ్గా మూడు ముఖాలకే వచ్చింది. ఎందుకని అడిగితే ఒక అబ్బాయి చెప్పిన జవాబు బాగుంది. ఒక ఎర్ర ముఖాన్ని కింద పెడితే దాన్ని తాకనివి ఆరే మిగులుతాయి: పైన ఉన్న ఎదుటి ముఖం, దాని చుట్టూ ఉన్న ఐదు. ఎదుటిదాన్ని ఎరుపు చేస్తే ఇక ఏదీ మిగలదు. దాన్ని వదిలేస్తే ఆ ఐదింటిలో ఒకదాన్నొకటి తాకని రెండు దొరుకుతాయి. అంటే ఏ రంగుకైనా మూడు మించవు. నాలుగు రంగులు, మూడేసి, పన్నెండు. ఎక్కడా సందు లేదు.

నేను బోర్డు మీద రాసింది

ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ 23లో నిజంగా వేరైనవి ఎన్ని? తిప్పితే ఒకదానితో ఒకటి కలిసిపోయేవి ఒకే రకం అనుకోవాలి.

నేను ముందురోజు రాత్రి ఒకటి చేసి చూసుకున్నాను. అద్దం ముందు పెడితే ఎంత తిప్పినా ప్రతిబింబంతో కలవలేదు. చతుర్ముఖిలోనూ ఇంతే కదా, రెండు రకాలు, ఒకటి రెండోదానికి ప్రతిబింబం. ఇక్కడా అంతే అనుకుని మర్నాడు బోర్డు మీద "2" అని రాసి కింద గీత కూడా గీశాను. పిల్లలను ఆ రెండు కుప్పలూ పొయ్యమన్నాను.

పోల్చే పద్ధతి ఇది. ఒక మోడల్‌ను ఎర్ర ముఖం పైకి ఉండేలా బల్ల మీద కదలకుండా ఉంచాలి. రెండోదానిలో ఎర్ర ముఖాలు మూడు, ఒక్కోటి పైకి పెట్టి ఐదు రకాలుగా తిప్పొచ్చు. మొత్తం 15 సార్లు చూడాలి. ఒక్కసారైనా అన్ని రంగులూ కలిస్తే ఒకే కుప్ప. 15 సార్లూ కలవకపోతే వేరు.

పీరియడ్ అయ్యేసరికి నాలుగు కుప్పలు. 7, 5, 8, 3.

"సరిగ్గా తిప్పలేదురా, మళ్ళీ చూడండి" అన్నాను. మళ్ళీ చూశారు. మళ్ళీ నాలుగే. పిల్లలు 15 రకాలూ చూడకుండా మధ్యలోనే వదిలేసి ఉంటారని నాకు అనుమానం. మోడళ్ళు బడిలో ఉంచితే నలిగిపోతున్నాయని ఒక్కొక్కరినీ తమ మోడల్ పటం గీసి ఇమ్మన్నాను. మోడల్‌ను విప్పి పరిస్తే వచ్చే, రెండు పువ్వుల్లా ఉండే వల రూపం, ముఖాల్లో రంగు మొదటి అక్షరం. ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకుని కూర్చుంటే నాకు ఐదో రకం కూడా వచ్చింది! టెన్షన్ పడి పది నిమిషాలు చూశాక తెలిసింది. ఒకడు పసుపుకీ "ప" రాశాడు, పచ్చకీ "ప" రాశాడు. మన భాషలో ఈ చిక్కు ఉండనే ఉంది, కొందరి ఇళ్ళలో పచ్చ అంటే పసుపు, కొందరికి ఆకు రంగు. వాడి కాగితం పక్కన పెడితే మిగిలినవి నాలుగు రకాలే. పిల్లల కుప్పలు సరైనవే. నా "2" తప్పు.

పొయ్యి

తర్వాతి పీరియడ్లో రెండో బెంచీ అమ్మాయి ఒకామె లేచి, "సార్, పదిహేను సార్లు తిప్పక్కర్లేదు, పొయ్యి పట్టుకుంటే చాలు" అంది. పొయ్యి ఏమిటమ్మా అంటే చూపించింది. మూడు ఎర్ర ముఖాల మధ్యలో ఒక శీర్షం ఉంటుంది. ఆ శీర్షం ఏ ఎర్ర ముఖాన్నీ తాకదు. దాని నుంచి బయలుదేరే మూడు అంచులూ చివర ఒక్కో ఎర్ర ముఖం మూలకు చేరతాయి. మూడు రాళ్ళ మధ్య పొయ్యిలా ఉంటుంది. ఎరుపుకు అలాంటిది ఒకటే ఉంటుంది, పసుపుకు ఒకటి, ఆకుపచ్చకు ఒకటి, నీలానికి ఒకటి. ఎర్ర పొయ్యిని తన వైపు పెట్టుకుంటే ఇక తిప్పడానికి మూడు రకాలే మిగులుతాయి. పదిహేను మూడుకు దిగింది.

నాకు ఈ మాట విన్నాక వెలిగింది. తాకని మూడు ముఖాల గుంపులు మొత్తం ఎన్ని? ఒక ముఖానికి ఐదు చొప్పున పన్నెండుకు అరవై, ప్రతి గుంపునూ మూడుసార్లు లెక్కపెట్టాం కాబట్టి ఇరవై. శీర్షాలు కూడా ఇరవై. ప్రతి శీర్షమూ ఒక పొయ్యికి చోటు. రంగు వేయడమంటే ఇరవై శీర్షాల్లో నాలుగు పొయ్యిలను ఎంచుకోవడం, వాటి రాళ్ళు ఒకదానిమీద ఒకటి పడకుండా.

ఏ నాలుగు? ఒక శీర్షం నుంచి అంచుల వెంట నడిస్తే ఒక అడుగు దూరంలో 3 శీర్షాలు, రెండడుగుల్లో 6, మూడడుగుల్లో 6, నాలుగడుగుల్లో 3, ఐదడుగుల్లో 1, అది ఎదుటి శీర్షం. రెండు పొయ్యిలు రెండడుగుల దూరంలోనో నాలుగడుగుల దూరంలోనో ఉంటే కనీసం ఒక రాయి రెండింటికీ ఉమ్మడి అవుతుంది, కుదరదు. ఒకటి, ఐదు అడుగుల జంటలు వాటికవి కుదురుతాయి గానీ నాలుగు పొయ్యిలు పెట్టేలోగా ఇరుక్కుంటాయి. చివరికి మిగిలేది ఒక్కటే: నాలుగు పొయ్యిలూ ఒకదానికొకటి మూడేసి అడుగుల దూరంలో ఉండాలి. అలాంటి నాలుగు శీర్షాలను దారంతో కలిపితే ద్వాదశముఖి కడుపులో ఒక క్రమ చతుర్ముఖి కనిపిస్తుంది.

ఇది క్లాసులో చేసి చూపించాం. ఒక మోడల్‌కు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం పొయ్యిల దగ్గర సూదితో కంతలు పెట్టి, ఊలు దారం లోపలి నుంచి లాగాం. ఆరు దారాలూ ఒకే పొడవు. కొలిచి మరీ చూశారు. మొదటివారం తయారుచేసి పక్కన పడేసిన చిన్న చతుర్ముఖి ఇక్కడ లోపల ప్రత్యక్షమయ్యేసరికి క్లాసు కాసేపు నిశ్శబ్దం. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో అలాంటి నిశ్శబ్దాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

అలాంటి చతుర్ముఖులు ఎన్ని పడతాయి? పంచభుజిలో కర్ణాలు ఐదు. ప్రతి ముఖం నుంచి ఒక కర్ణం చొప్పున పన్నెండు కర్ణాలు సరిగ్గా ఎంచుకుంటే అవి ఒక ఘనం అంచులవుతాయి. యూక్లిడ్ తన ద్వాదశముఖిని కట్టింది కూడా ఘనం నుంచే, 13వ పుస్తకం 17వ ప్రతిపాదనలో. ముఖానికి ఐదు కర్ణాలు కాబట్టి ఘనాలు ఐదు. ప్రతి ఘనంలో మూల విడిచి మూల తీసుకుంటే రెండు చతుర్ముఖులు. మొత్తం పది. ప్రతి చతుర్ముఖి నాలుగు మూలలకు నాలుగు రంగులను 24 రకాలుగా పంచొచ్చు. అంటే కదపకుండా చూస్తే రంగులు వేసే రకాలు 240.

ఇప్పుడు భ్రమణాలు. పన్నెండు ముఖాల్లో ఏదో ఒకటి కింద, ఐదు రకాలుగా తిప్పడం, 60. దీన్ని సైకిల్ చక్రం పుల్లతో ఇంకోరకంగా కూడా లెక్కపెట్టాం. ఎదురెదురు ముఖాల మధ్య నుంచి గుచ్చితే 6 అక్షాలు, ఒక్కోదానికి 4 తిప్పుళ్ళు, 24. ఎదురెదురు శీర్షాల నుంచి గుచ్చితే 10 అక్షాలు, రెండేసి, 20. ఎదురెదురు అంచుల మధ్య నుంచి 15 అక్షాలు, ఒక్కోటి, 15. అసలు తిప్పకపోవడం 1. కూడితే 60. పుల్ల గుచ్చిన మోడల్ పాడవుతుంది, కాబట్టి నోరు తెరుచుకున్న మూడింటిలో ఒకదాన్ని వాడాం. అది చివరికి అలా పనికొచ్చింది.

240ని 60తో భాగిస్తే 4. కుప్పలూ నాలుగే.

ఇలా గుడ్డిగా భాగించడం అన్నిచోట్లా చెల్లదు. ఏ భ్రమణమూ రంగుల అమరికను ఉన్నది ఉన్నట్టు ఉంచకూడదు, అప్పుడే భాగహారం నిలుస్తుంది. ఘనానికి రెండే రంగులు ఇస్తే 64 రకాలు, 24తో భాగిస్తే శేషం మిగులుతుంది, అసలు జవాబు 10. మా నాలుగు రంగులకు ఆ భయం లేదని పిల్లలే తేల్చారు. ముఖం అక్షం మీద తిప్పి కూడా రంగులు మారలేదంటే చుట్టూ ఉన్న ఐదూ ఒకే రంగై ఉండాలి. శీర్షం అక్షమైతే ఒకదాన్నొకటి తాకే మూడు ముఖాలు ఒకే రంగవ్వాలి. అంచు అక్షం మీద అరచుట్టు తిప్పితే పన్నెండు ముఖాలూ జంటలు జంటలుగా చోటు మార్చుకుంటాయి, ఏదీ ఉన్నచోట ఉండదు. ఒక రంగుకు మూడే ముఖాలు, మూడు బేసి సంఖ్య కాబట్టి జంటలుగా విడదు. అయిపోయింది.

నేను ఎక్కడ జారాను

నాలుగు అని తెలిసింది సరే. మరి నా "2" ఎందుకు తప్పింది? ఇది తేలకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. అద్దం తెచ్చాం, స్టాఫ్ రూమ్‌లో దువ్వుకునే అద్దం. మొదటి కుప్పలోది అద్దంలో చూసి, అద్దంలో ఉన్నట్టే కొత్తది కట్టి పోల్చితే అది నాలుగో కుప్పలో పడింది. రెండో కుప్పకు ప్రతిబింబం మూడో కుప్ప. మొదటి కుప్పలోదానికే పసుపు ముఖాలు మూడూ తీసి నీలం పెట్టి, నీలం తీసి పసుపు పెడితే? అది నాలుగో కుప్పలో పడాలని నేను అనుకున్నాను, చతుర్ముఖిలో అలాగే జరిగింది కాబట్టి. పడలేదు. రెండో కుప్పలో పడింది.

అప్పుడు అర్థమైంది. రంగులు మార్చడం వేరు, అద్దంలో చూడడం వేరు. చతుర్ముఖి దగ్గర రెండూ ఒకటే ఫలితం ఇస్తాయి, ఎందుకంటే ఒట్టి చతుర్ముఖికి కుడి ఎడమ లేదు. ద్వాదశముఖి లోపల కూర్చున్న చతుర్ముఖికి మాత్రం ఉంది. లోపలివి పది చతుర్ముఖులు అన్నాం కదా, వాటిలో ఐదు భ్రమణాలతో ఒకదాని చోటికి ఒకటి వస్తాయి, మిగిలిన ఐదూ తమలో తాము అంతే. కానీ ఈ ఐదింటిలోంచి ఆ ఐదింటిలోకి తిప్పి వెళ్ళలేం, అద్దం దాటాల్సిందే. ఐదు ఘనాల్లో ప్రతి ఘనం నుంచి ఒకటి ఈ పక్కన, ఒకటి ఆ పక్కన.

కాబట్టి ప్రతి మోడల్‌కు రెండు గుర్తులుంటాయి. పిల్లలు వాటికి వరస, మెలిక అని పేర్లు పెట్టారు. నేను మార్చలేదు.

వరస చూడాలంటే ఎర్ర పొయ్యిని కంటికెదురుగా పెట్టుకోవాలి. పొయ్యి చుట్టూ ఉన్న మూడు ముఖాలూ మిగిలిన మూడు రంగులవే అయి ఉంటాయి. పసుపు, ఆకుపచ్చ, నీలం సవ్యదిశలో ఉంటే సవ్య వరస, లేదంటే అపసవ్య వరస.

మెలిక చూడాలంటే అక్కడే పొయ్యి దగ్గర మొదలుపెట్టి పసుపు ముఖం మీదుగా కిందికి దిగాలి. పొయ్యి మూలకు ఎదురుగా ఆ పంచభుజికి ఒక అంచు ఉంటుంది. దాన్ని దాటితే వచ్చే ముఖం ఎరుపు కాదు, పసుపు కాదు. మిగిలిన రెండు రంగుల్లో ఒకటి. పొయ్యి చుట్టూ పసుపు తర్వాత సవ్యదిశలో ఏ రంగుందో అదే ఇక్కడ వస్తే కుడి మెలిక, రెండోది వస్తే ఎడమ మెలిక. పసుపు బదులు ఆకుపచ్చ మీదుగా దిగినా, నీలం మీదుగా దిగినా జవాబు మారదు. ఎర్ర పొయ్యి బదులు నీలం పొయ్యి దగ్గర మొదలుపెట్టినా మారదు. ఇది 23 మోడళ్ళ మీదా సరిచూశాం.

రెండు రంగులు మార్చుకుంటే వరస తిరగబడుతుంది, మెలిక అలాగే ఉంటుంది. అద్దంలో చూస్తే రెండూ తిరగబడతాయి. వరస రెండు, మెలిక రెండు, నాలుగు కుప్పలు. నేను చతుర్ముఖిలో చూసిన ఒక్క తిరగబాటును ఇక్కడికి మోసుకొచ్చి, రెండో తిరగబాటు ఉందని చూడలేదు. బోర్డు మీద ఆ "2" ఇంకా చెరపలేదు. దాని పక్కనే ఆ అమ్మాయి గుణకారం గుర్తు పెట్టి ఇంకో 2 రాసింది. నేను రాసినది అలా సగం జవాబుగా నిలబడింది, దయగల పిల్ల.

ఫెయిర్‌లో

స్టాల్ మీద నాలుగు మోడళ్ళు దారాలకు వేలాడదీశాం, ఒక్కో కుప్ప నుంచి ఒకటి. కింద గంపలో మిగిలినవి. వచ్చినవాళ్ళు గంపలోంచి ఒకటి తీసి ఇస్తే, పిల్లలు రెండు చూపుల్లో అది వేలాడుతున్న ఏ మోడల్‌తో కలుస్తుందో చెప్పాలి. ఒక చూపు వరసకు, ఒక చూపు మెలికకు. మొదట్లో పావు నిమిషం పట్టేది, మధ్యాహ్నానికి పిల్లలు మాట్లాడుకుంటూనే చెప్పేశారు. చూడవచ్చిన ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న మాత్రం బాగుంది: ఏ జట్టుది ఏ రంగో పట్టించుకోకుండా, ఏ రంగైతేనేం, ఏ మూడు ఒక జట్టో అన్నదే చూస్తే ఎన్ని రకాలు? అప్పుడు వరస లెక్కలోకి రాదు, మెలిక ఒక్కటే మిగులుతుంది. జవాబు 2. చూశారా, నా రెండు కూడా ఒక ప్రశ్నకు సరైన జవాబే, అది నేను అడిగిన ప్రశ్న కాదంతే.

ఇంకోసారి చేస్తే కొన్ని మారుస్తాను. వల రూపాల మీద అక్షరాలు వద్దు, రంగు పెన్సిల్ చుక్క చాలు, పసుపు పచ్చల గొడవ ఉండదు. ఆకుపచ్చ చార్టు లేతది కొనకూడదు, ట్యూబ్‌లైట్ కింద పసుపుతో కలిసిపోయింది. రంగులు మార్చే ప్రయోగం చివర కాకుండా కుప్పలు పోసిన వెంటనే చేయించాలి. అప్పుడు నేను రెండు రోజులు పిల్లలను అనుమానించి ఉండేవాడిని కాదు. దారం లాగే మోడల్‌కు చార్టు కాకుండా పాత నోటు పుస్తకం అట్టలు వాడాలి, ఊలు బిగిస్తే చార్టు లోపలికి సొట్టపోతుంది.

ఈ ఏడాది అదే పిల్లలు పదిలోకి వచ్చారు. వింశతిముఖికి ముఖాలు ఇరవై, శీర్షాలు పన్నెండు, దానికి మూడు రంగులు చాలతాయి కదా సార్, అక్కడ ఎన్ని కుప్పలు అని అడుగుతున్నారు. చాలతాయని నేనూ చూశాను. కుప్పలు పోయాలంటే ముందు త్రిభుజాలు కొయ్యాలి, మనిషికి ఇరవై. కోస్తామని ఇప్పటికి ముగ్గురే చేతులెత్తారు.